వాడేనా వీడు?

మొదట ఒక టెలిగ్రామ్ వచ్చింది. దాన్ని విప్పి చదివేలోపు ఇంకొకటి. ఆ వెనకే మరొకటి. ఒక అంతర్జాతీయ మోసగాడు పోలండ్‌లోని క్రాకోలో బయల్దేరాడు, బ్రెమెన్ దాటాడు, ఆమ్‌స్టర్‌డామ్ దాటాడు, బ్రసెల్స్ కూడా దాటేశాడు, పారిస్ వచ్చే రైల్లో ఉన్నాడు. ఏ ఊరు దాటితే ఆ ఊరి పోలీసులు పారిస్‌కి కబురు పెడుతున్నారు. మన భాషలో చెప్పాలంటే లైవ్ లొకేషన్ షేర్ చేస్తున్నారన్నమాట. కాకపోతే ఇది ఫోన్లు, వాట్సాప్‌లు ఉన్న కాలం కాదు, దాదాపు వందేళ్ల కిందటి మాట.

ఆ టెలిగ్రామ్‌లు చదివిన పోలీసాఫీసర్ తన గదిలో బొగ్గు పొయ్యిని ఒకసారి ఎగదోసి, ఓవర్‌కోటు తగిలించుకుని గార్ ద్యు నోర్ అనే రైల్వే స్టేషన్‌కి వెళ్లి ప్లాట్‌ఫాం మీద నిలబడతాడు. నవంబర్ చలి, ఈదురుగాలి. మోసగాడి ఆనవాళ్లన్నీ అతని బుర్రలో ఉన్నాయి: వయసు, ఎత్తు, ముక్కు, చెవి ఆకారంతో సహా. రైలు ఆగింది. జనం దిగారు. అచ్చం ఆ ఆనవాళ్లతోనే ఒకడు దర్జాగా దిగి, పోర్టర్లతో సామాను మోయించుకుంటూ వెళ్లిపోయాడు. మన ఆఫీసర్ వాడి వెనకే వెళ్లాలి కదా? అదే టైమ్‌కి రైల్లో గగ్గోలు. ఒక పెట్టె బాత్‌రూమ్‌లో శవం ఉంది. వెళ్లి చూస్తే ఆ చచ్చిపోయినవాడికి కూడా సరిగ్గా అవే ఆనవాళ్లు.

ఇప్పుడు చెప్పండి, మోసగాడు ఎవడు? నడిచి వెళ్లిపోయినవాడా? చచ్చిపడి ఉన్నవాడా?

పుస్తకం పేరు 'పియెటర్ ద లాట్వియన్'. రాసినాయన జార్జ్ సిమెనాన్. బెల్జియంలోని లియేజ్‌లో 1903లో పుట్టి, పారిస్ చేరి, ఫ్రెంచ్‌లో రాశాడు. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ ఆఫీసర్ పేరు మెగ్రె. ఆ పేరుతో సిమెనాన్ ఆ తర్వాత 1972 దాకా మొత్తం 75 నవలలు, 28 కథలు రాశాడు. ఆ 75లో మొదటిది ఇదే. 1930లో 'రిక్ ఎ రాక్' అనే వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మనలాగే వాళ్లూ వారం వారం ఎదురుచూసి చదువుకున్నారు. 1931లో పుస్తకమైంది.

మన దగ్గర కూడా డిటెక్టివ్ నవల ఇదే ప్రశ్నతో మొదలవడం చూస్తే నాకు భలే సరదాగా ఉంటుంది. తెలుగులో తొలి డిటెక్టివ్ నవలగా చాలామంది చెప్పే పుస్తకం దేవరాజు వేంకటకృష్ణారావు రాసినది. వందేళ్లు దాటింది. దాని పేరేంటో తెలుసా? 'వాడే వీడు'. రెండు కథలకీ ఏ సంబంధమూ లేదు. కానీ అపరాధ పరిశోధన అంటే ముందు తేల్చాల్సింది 'ఎవరు చంపారు' అని కాదు, 'వీడెవడు' అని ఆ పేరులోనే ఉంది. సిమెనాన్ నవలకి తెలుగులో పేరు పెట్టమంటే నేను ఆ రెండు మాటలే తీసుకుని చివర ఒక ప్రశ్నార్థకం తగిలిస్తాను.

'వీడెవడు' అన్న ప్రశ్న మనకి కొత్తేం కాదు. మా విస్సన్నపేట సెంటర్లో బస్సు దిగి చూడండి. మీరు బ్యాగు భుజాన వేసుకునేలోపే టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు మిమ్మల్ని పైనుంచి కిందకి స్కాన్ చేసేస్తారు. "ఎవరి తాలూకు బాబూ?" అని ఒకరు. "ఎవరింటికి?" అని ఇంకొకరు. మీరు ఫలానా వాళ్ల మనవడినని చెప్తే, "ఆఁ, ఆ చెవులు చూసే అనుకున్నా" అనే పెద్దాయన ఒకడు గ్యారంటీగా ఉంటాడు. మామిడి సీజన్‌లో అయితే వేరే ఊళ్ల నుంచి వ్యాపారులు, లారీ డ్రైవర్లు, కాయ కోసే కూలీలు బోలెడుమంది వస్తారు కాబట్టి ఆ రెండు నెలలూ ఈ ఎంక్వైరీ డబుల్ షిఫ్టులో నడుస్తుంది. మెగ్రె ఆ ప్లాట్‌ఫాం మీద చేసిన పని సరిగ్గా ఇదే. ఆయనకి ఆనవాళ్లు టెలిగ్రామ్‌లో వచ్చాయి, మన పెద్దాయనకి తరాల జ్ఞాపకంలో ఉన్నాయి, అంతే తేడా.

ఆ చెవి సంగతి ఊరికే అనలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పారిస్ పోలీసు శాఖలో బెర్టిలాన్ అనే ఉద్యోగి నేరస్థుల శరీరాన్ని అంగుళం అంగుళం కొలిచి కార్డుల మీద రాసే పద్ధతి పెట్టాడు. తల పొడవు, వేళ్ల పొడవు, పాదం కొలత. వాటితోపాటు ముక్కు ఎలా ఉంది, చెవి తమ్మె ఎలా ఉంది అని మాటల్లోనే బొమ్మ గీయడం. మనిషి జుట్టు మార్చుకోవచ్చు, గడ్డం పెంచుకోవచ్చు, చెవి మాత్రం మార్చుకోలేడని లెక్క. మెగ్రె పట్టుకున్నది ఆ కార్డునే.

దీనికి మన దేశంతో కూడా ఒక ముడి ఉంది. బెర్టిలాన్ కొలతల్ని పక్కకి నెట్టేసింది వేలిముద్రలు. వాటిని వరుసగా అమర్చి, కావాల్సినప్పుడు వెతికి తీసే పద్ధతిని కలకత్తాలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు పోలీసు ఉద్యోగులు తయారుచేశారు. 1897లో అక్కడ వేలిముద్రల బ్యూరో మొదలైంది. వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు మీద ఆ పద్ధతి 'హెన్రీ సిస్టమ్' అయిపోయింది. పని చేసినవాళ్లు ఇద్దరు, బోర్డు మీద పేరు మూడోవాడిది. అదే ఒక డిటెక్టివ్ కథ.

మీ టెన్త్ సర్టిఫికెట్ తీసి చూడండి. అందులో పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. కుడి మోచేయి మీద ఒకటి, మెడ మీద ఒకటి అని. స్కూల్లో క్లాస్ టీచర్ ముందు చొక్కా మడిచి చూపించిన రోజు గుర్తుందా? లేనివాళ్లు ఏదో ఒక గీతని మచ్చ అని రాయించుకున్నారు. ఇప్పుడు రేషన్‌కి వేలిముద్ర, బ్యాంకుకి వేలిముద్ర, ఫోన్ తెరవడానికి ముఖం. పొలం పనులు చేసి వేళ్లు అరిగిపోయిన ముసలమ్మ మిషన్ మీద పదిసార్లు వేలు పెట్టినా ఒప్పుకోకపోతే, ఊరంతా ఎరిగిన మనిషి ఆ మిషన్ దృష్టిలో మాత్రం 'ఎవరో'. మనిషి అంటే ఆనవాళ్లేనా అన్న ప్రశ్న ఆ రైల్వే స్టేషన్‌లో మొదలై ఇక్కడి దాకా వచ్చింది. సిమెనాన్ ఆ ప్రశ్నని పుస్తకం మొదటి పేజీల్లోనే పెట్టి, కాసేపట్లోనే దాన్ని తల్లకిందులు చేసేశాడు. కార్డు మీద ఉన్నవన్నీ కరెక్టే. కానీ కార్డు ఒకటి, మనుషులు ఇద్దరు. ఇక కార్డు పనికిరాదు.

అక్కడ్నుంచి మెగ్రె చేసే పని చూడాలి. మనకి డిటెక్టివ్ అనగానే ఒక లెక్క ఉంది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ ఉన్నాడు. చురుకు, తెలివి, పక్కన అసిస్టెంట్ రాజు. మధుబాబు గారి షాడో అయితే ఇక చెప్పక్కర్లేదు, గోడలు దూకుతాడు, దేశాలు దూకుతాడు. అద్దె పుస్తకాల కొట్లో రోజు లెక్కన తెచ్చుకుని, మర్నాటికి తిరిగి ఇవ్వాలి కాబట్టి రాత్రంతా చదివిన తరం వాళ్లని అడగండి, కళ్లు మెరుస్తాయి. మీ తరానికి 'హిట్: ది ఫస్ట్ కేస్' ఉంది. 2020లో వచ్చిన ఆ సినిమాలో ఆఫీసర్‌ని తన గతమే వెంటాడుతుంది. అది ఆడింది కాబట్టి రెండోది, మూడోది వచ్చాయి.

మెగ్రె వీళ్లెవరిలాంటివాడూ కాదు. లావుపాటి మనిషి, నలభై అయిదేళ్ల వయసు, నోట్లో పైపు, తల మీద గుండ్రటి టోపీ. జీతం మీద బతికే గవర్నమెంటు ఉద్యోగి. ఇంట్లో భార్య వంట చేసి ఎదురుచూస్తూ ఉంటుంది, ఈయన వేళకి రాడు. అతని ఆయుధం తెలివి కూడా కాదు, ఓపిక. అనుమానితుడు పారిస్‌లో కోటీశ్వరులు దిగే మెజెస్టిక్ హోటల్‌కి వెళ్తే, మెగ్రె వెళ్లి ఆ హోటల్ హాల్ మధ్యలో నిలబడతాడు. అంతే. తడిసిన కోటుతో, పైపు పొగతో, ఆ అద్దాలూ షాండిలియర్లూ సెంటు వాసనల మధ్య కదలకుండా నిలబడతాడు. మేనేజర్‌కి చిరాకు, అతిథులకి ఇబ్బంది. పెళ్లిలో భోజనాల దగ్గర అప్పులవాడు వచ్చి ఏమీ అడక్కుండా ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాడనుకోండి, ఇంటాయనకి ఎలా ఉంటుంది? అలా ఉంటుంది. ఆ సీన్ నాకు ఈ మొత్తం పుస్తకంలో మహా ఇష్టం.

ఎందుకు నిలబడతాడంటే, దానికి అతని దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. ప్రతి నేరస్థుడూ పోలీసులతో ఒక ఆట ఆడుతుంటాడు. ఆ ఆటగాడి మీదే అందరి కళ్లూ. కానీ ఆటగాడి వెనక ఒక మామూలు మనిషి ఉంటాడు. ఎప్పుడో ఒకప్పుడు గోడకి పగులొస్తుంది. ఆ పగుల్లోంచి మనిషి కనపడతాడు. మెగ్రె ఆ పగులు కోసం ఎదురుచూస్తాడు. ఆధారాలు ఏరడు అని కాదు, ఏరతాడు. చచ్చిపోయినవాడి దగ్గర దొరికిన చిన్న ఆధారం పట్టుకుని సముద్రం ఒడ్డున ఉన్న ఫెకాం అనే చేపల రేవు దాకా వర్షంలో వెళ్తాడు. కానీ ఆధారం అతన్ని ఊరి దాకానే తీసుకెళ్తుంది. అక్కడ్నుంచి మళ్లీ నిలబడటమే. వానలో గంటలకొద్దీ ఒక ఇంటి ముందు.

తుపాకీ గుండు తగిలాక కూడా ఆయన ఆ పని మానడు. రక్తం కారుతుంటే కట్టు కట్టించుకుని మళ్లీ వస్తాడు. అది హీరోయిజం లాగా అనిపించదు. మొండితనం లాగా అనిపిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇప్పుడు కథలో గుట్టు కొంత బయటపెడుతున్నాను. ముందు పుస్తకమే చదవాలనుకునేవాళ్లు తర్వాతి నాలుగు పేరాలు స్క్రోల్ చేసేయండి, కోపం రాదు.

వాళ్లిద్దరూ కవలలు. పియెటర్, హాన్స్. చిన్నప్పట్నుంచీ పియెటర్ నాయకుడు, హాన్స్ వెనక నడిచేవాడు. కాలేజీలో పియెటర్ చుట్టూ జనం, హాన్స్ వాడికి పనులు చేసిపెట్టేవాడు. హాన్స్ చేతిలో ఒక విద్య ఉంది. ఎవరి సంతకమైనా దించేయగలడు. ఆ విద్యని వాడుకుని పియెటర్ పెద్ద దొంగ అయ్యాడు, సూట్లు వేసుకున్నాడు, పెద్ద హోటళ్లలో దిగాడు. హాన్స్ తాగుబోతుగా, చిరిగిన రెయిన్‌కోటుతో మిగిలాడు. చివరికి హాన్స్ ప్రేమించిన అమ్మాయిని కూడా పియెటరే చేసుకున్నాడు. రైలు బాత్‌రూమ్‌లో చచ్చిపడి ఉన్నది పియెటర్. స్టేషన్ బయటికి దర్జాగా నడిచి వెళ్లింది హాన్స్. అన్నదమ్ముణ్ణి చంపి, వాడి బట్టల్లోకి, వాడి పేరులోకి దూరిపోయాడు.

మనకి కవలల కథలు తెలుసు. 1964లో వచ్చిన 'రాముడు భీముడు' నుంచి డబుల్ రోల్ అంటే మనకి పండగే. అక్కడ భయస్థుడి చోటులోకి బలమైనవాడు వచ్చి, విలన్‌కి కొరడా దెబ్బలు రుచి చూపిస్తాడు. హాల్లో ఈలలు. సిమెనాన్ దాన్ని రివర్స్ చేశాడు. బలమైనవాడి చోటులోకి బలహీనుడు వెళ్లాడు. బట్టలు సరిపోయాయి, ముఖం సరిపోయింది, సంతకం ఎలాగూ వచ్చు. సరిపోనిది ఒక్కటే, లోపలి మనిషి. జీవితమంతా ఒకడిలా ఉండాలని కుళ్లిపోయినవాడు, తీరా వాడైపోయాక ఆ వేషం మోయలేకపోతాడు. బార్‌లో మెగ్రె పక్కనే కూర్చుని తాగుతుంటే, ముఖంలో దర్జా జారిపోయి కిందనున్న ముఖం బయటికొస్తుంది. మళ్లీ సర్దుకుంటుంది. మళ్లీ జారుతుంది. అదే మెగ్రె ఎదురుచూసిన పగులు.

కవల పిల్లలున్న ఇళ్లలో చూడండి. ఎవరైనా చుట్టాలొస్తే వాళ్లు వినే మొదటి మాట "నువ్వు పెద్దోడివా, చిన్నోడివా?" కవలలే అవ్వక్కర్లేదు. ఇద్దరు కొడుకులున్న ఇంట్లో ఒకడికి ఇంజినీరింగ్ సీటు, తర్వాత అమెరికా. ఇంకొకడికి నాన్నగారి మామిడి తోట, పురుగుమందుల ఖర్చు, ఆసుపత్రికి తిప్పడం. సంక్రాంతికి పెద్దోడు వీడియో కాల్‌లో కనిపిస్తే ఇంట్లో అందరూ ఫోన్ చుట్టూ మూగుతారు. ఆ ఫోన్ పట్టుకుని నిలబడేది చిన్నోడు. ఆ ఫ్రేమ్‌లో వాడు ఉండడు. హాన్స్ గురించి చదువుతుంటే నాకు ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఫోన్ పట్టుకున్న ప్రతివాడూ హంతకుడైపోతాడని కాదు, అబ్బెబ్బే. కానీ ఒక్కసారైనా 'నేను వాడినై ఉంటే' అనుకోని తమ్ముడు ఉంటాడా? సిమెనాన్‌కి కూడా మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు ఉన్నాడు, క్రిస్టియాన్. అమ్మకి వాడంటేనే ముద్దు అన్న బాధ సిమెనాన్‌ని పెద్దయ్యాక కూడా వదల్లేదు. ఆ బాధని ఆయన దాచుకోలేదు, చాలా చోట్ల రాసుకున్నాడు.

చివరి సీన్ ఒక్కటి చెప్పి ఆపుతాను. ఫెకాం రేవులో సముద్రంలో పడి లేచిన ఇద్దరూ, పోలీసూ నేరస్థుడూ, ఒక చిన్న హోటల్ గదిలో తడి బట్టలు ఆరబెట్టుకుని, అరువు డ్రెస్సింగ్ గౌన్లలో కూర్చుని రమ్ము తాగుతూ మాట్లాడుకుంటారు. బేడీలు లేవు, అరుపులు లేవు. హాన్స్ చెప్తాడు, మెగ్రె వింటాడు. ఆ తర్వాత మెగ్రె చేసే పని ఒక పోలీసు చేయాల్సిన పనేనా అన్నది నాకు ఇప్పటికీ ఎటూ తేలలేదు. చదివి మీరే చెప్పండి.

స్క్రోల్ చేసినవాళ్లు ఇక రావచ్చు.

ఈ 'వాడేనా వీడు' పిచ్చి సిమెనాన్‌తో మొదలవలేదు. ఆయనకి అరవై ఏళ్ల ముందు, 1866లో, ఎమిల్ గాబొరియో అనే ఆయన ఫ్రెంచ్‌లో ఒక నవల రాశాడు. పారిస్ దగ్గర పల్లెలో లెరూజ్ అనే విధవరాలి హత్య. డిటెక్టివ్ సిరీస్‌లకి తాత లాంటి పుస్తకం అది. లెకాక్ అనే పోలీసు అందులో మొదటిసారి కనిపించి, తర్వాతి నవలల్లో హీరో అయ్యాడు. కథకి మూలం ఏంటో తెలుసా? ఉయ్యాలలో పిల్లల్ని మార్చడం. గొప్పింటి బిడ్డ, చాటు బిడ్డ, వీళ్లని తారుమారు చేశారా లేదా అన్నది ముడి. 'అల వైకుంఠపురములో' చూసి ఈలలు వేసిన మనకి దీన్ని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. షెర్లాక్ హోమ్స్ తన మొదటి నవలలోనే, 1887లో, ఈ లెకాక్‌ని చేతకానివాడని తీసిపారేస్తాడు. సీనియర్‌ని తిట్టి ఎంట్రీ ఇవ్వడం అప్పట్నుంచే ఉందన్నమాట.

మళ్లీ మన పుస్తకానికొస్తే, దీని పుట్టుక గురించి సిమెనాన్ చెప్పిన కథ కూడా సినిమాలా ఉంటుంది. ఆయన అప్పటికే రకరకాల కలం పేర్లతో దాదాపు 200 చవక నవలలు రాసి పారేశాడు. ప్రేమ కథలు, అడ్వెంచర్లు, పబ్లిషర్ ఏది అడిగితే అది. తర్వాత ఒక పడవ కొనుక్కుని భార్యతో కాలవల వెంబడి తిరుగుతూ నెదర్లాండ్స్‌లో డెల్ఫ్‌జైల్ అనే రేవు చేరాడు. 1929లో అక్కడ పడవకి రిపేరు వస్తే, సగం మునిగిన ఒక పాత బార్జ్‌లో పెట్టెల మీద టైప్‌రైటర్ పెట్టుకుని ఈ నవల మొదలెట్టానని చెప్పేవాడు. ఊరివాళ్లు మురిసిపోయి 1966లో మెగ్రెకి విగ్రహం కూడా పెట్టారు. తర్వాత పరిశోధకులు తేదీలు తవ్వి చూస్తే, ఈ నవల రాసింది అక్కడ కాదు, మరుసటేడు ఫ్రాన్స్‌లోనే అని చాలామంది తేల్చారు. విగ్రహం మాత్రం అక్కడే ఉంది. పోలీసు నవల రాసినాయన సొంత స్టేట్‌మెంటే నిలవలేదు చూడండి.

రాసింది ఇచ్చాక పబ్లిషర్ ఫయార్ పెదవి విరిచాడని కూడా ఆయనే చెప్పుకున్నాడు. ఇందులో ప్రేమ లేదు, పజిల్ లేదు, మంచివాళ్లెవరో చెడ్డవాళ్లెవరో తెలీదు, ముగింపు సంతోషంగా లేదు, ఎవడు చదువుతాడు అని. ఆ లోపాలన్నీ నిజమే. అవి ఉన్నందుకే ఇవాళ మనం చదువుతున్నాం.

అయినా ఫయార్ ఒప్పుకున్నాడు. 1931 ఫిబ్రవరి 20 రాత్రి పారిస్‌లో మోంపర్నాస్ ప్రాంతంలో ఒక నైట్‌క్లబ్‌లో పార్టీ పెట్టి మెగ్రె సిరీస్‌ని లాంచ్ చేశారు. ఆహ్వానాలు పోలీసు రికార్డు కార్డుల్లా అచ్చువేశారు. గుమ్మంలో ప్రతి అతిథి వేళ్లకీ ఇంకు పూసి వేలిముద్రలు తీసుకున్నారు. మన ఆడియో ఫంక్షన్లు దీని ముందు ఎందుకూ పనికిరావు. పేపర్లన్నీ దాని గురించే రాశాయి. తమాషా ఏంటంటే, ఆ రోజు లాంచ్ చేసిన రెండు పుస్తకాల్లో మన 'పియెటర్' లేడు. ముందు రాసినది మేలో గానీ పుస్తకంగా రాలేదు. ఆ ఒక్క ఏడాదిలోనే పదికి పైగా మెగ్రె నవలలు వచ్చాయి. ఇంచుమించు నెలకొకటి. మన అద్దె కొట్ల కాలంలో కొత్త డిటెక్టివ్ వచ్చిందా అని నెలనెలా అడిగినట్టే అక్కడా అడిగారు.

ఇంత స్పీడులో రాస్తే అతుకులు కనపడకుండా ఉంటాయా? ఈ మొదటి నవలలో మెగ్రె అసిస్టెంట్ టొరాన్స్‌ని చంపేస్తారు. నిజంగానే చంపేస్తారు, మెగ్రె దుఃఖపడతాడు, ఆ కోపంతోనే సగం కథ నడుస్తుంది. తర్వాతి నవలల్లో టొరాన్స్ ఏమీ జరగనట్టు ఆఫీసుకొచ్చి డ్యూటీ చేస్తుంటాడు! మన టీవీ సీరియల్ రైటర్లకి ధైర్యమిచ్చే ఉదాహరణ.

అతుకు అంటే నవ్వేసి ఊరుకోవచ్చు. నవ్వలేనిది ఇంకొకటుంది. పారిస్‌లో యూదులుండే పేటని, అక్కడి మనుషుల్ని వర్ణించే చోట సిమెనాన్ కలం నిండా అప్పటి యూరప్ ద్వేషమే. ఆ వీధి మురికి, ఆ మనుషుల ముఖాలు, అంతా ఒక జాతి లక్షణంలా రాస్తాడు. నేరస్థుడి విషయంలో 'కార్డు చూడకు, మనిషిని చూడు' అనే మెగ్రె, ఆ పేటలోకి అడుగుపెట్టేసరికి తానే కార్డు తీసి చూస్తాడు. ఇది 1930, ఆ తర్వాత ఆ పేటల్లో ఏం జరిగిందో మనకి తెలుసు. అందుకని పుస్తకం విసిరేయమని నేననను. ఆ పేజీలు వేగంగా దాటేయమనీ అనను. అక్కడ ఆగి, ఇంత కనిపెట్టి చూసే కన్ను ఇక్కడెందుకు మూసుకుపోయిందా అని చూడండి.

చదవడం కష్టమేమీ కాదు. కుర్రాడిగా ఉన్నప్పుడు సిమెనాన్ ఒక పేపర్‌కి కథలు తీసుకెళ్తే, అక్కడ ఎడిటర్‌గా ఉన్న పెద్ద రచయిత్రి కొలెట్, ఇందులో సాహిత్యం ఎక్కువైంది, అది తీసేసి పట్రా అని తిప్పి పంపిందట. ఆ సలహా జీవితాంతం పాటించాడు. చిన్న మాటలు, చిన్న వాక్యాలు. వాన, పొగ, బీరు, తడి కోటు, ఇవి చాలు ఆయనకి. ఇంగ్లీషులో డేవిడ్ బెల్లోస్ అనువాదం బాగుంది. పెంగ్విన్ వాళ్లు 2013లో దీనితో మొదలుపెట్టి నెలకొకటి చొప్పున మొత్తం 75నీ కొత్తగా అనువాదం చేయించారు. రెండు వందల పేజీల లోపే. ఇంటర్ ఇంగ్లీషు చాలు. విస్సన్నపేటలో ఫోన్‌లో మొదలుపెడితే, విజయవాడ పోయి వచ్చే రెండు బస్సు ప్రయాణాల్లో అయిపోతుంది. సీటు దొరికితే.

టెలిగ్రామ్ గ్రూపుల్లో ఊరికే వచ్చే పీడీఎఫ్‌ల జోలికి మాత్రం పోకండి. సిమెనాన్ 1989లో పోయాడు, మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ల దాకా హక్కులుంటాయి, అంటే 2049 వరకూ. పైసా ఖర్చు లేకుండా చదవాలంటే గాబొరియో ఉన్నాడు. 'ది విడో లెరూజ్' అని కొడితే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతుంది. కాస్త పాతకాలం నడక, ఓపిక పట్టాలి. అసలు చదవడమే నా వల్ల కాదంటారా, మన మిస్టర్ బీన్ ఉన్నాడుగా, రోవన్ అట్కిన్సన్, ఆయన 2016, 17లలో మెగ్రెగా నాలుగు టీవీ సినిమాలు చేశాడు. ఒక్కసారి కూడా నవ్వించడు. ముందు పది నిమిషాలు వింతగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

'పియెటర్' నచ్చితే వెంటనే 'ది లేట్ మిస్యూ గాలె' పట్టుకోండి. ఆ లాంచ్ పార్టీలో విడుదలైన రెండింట్లో అదొకటి. ఒక సాదాసీదా ట్రావెలింగ్ సేల్స్‌మన్ హోటల్ గదిలో హత్యకి గురవుతాడు. మెగ్రె వెళ్లి అతను పనిచేసే కంపెనీలో వాకబు చేస్తాడు. ఆ మనిషి అక్కడ పని మానేసి ఏళ్లయిందని చెప్తారు వాళ్లు. ఇంట్లో భార్యకి ఆ సంగతే తెలీదు.